కిస్తీ కట్టినంత మాత్రాన బండి మనదవుతుందా: టెక్సస్‌లో ఒక లీజ్ పర్చేజ్ కేసు

2023 మార్చి మొదటి వారంలో ఒక రాత్రి తొమ్మిదిన్నరకి నాకు తెలిసిన ఒక తెలుగు కుర్రాడి ఫోన్ వచ్చింది. "అక్కా, ట్రక్కు తీసుకుంటున్నా. డౌన్ పేమెంట్ లేదు, క్రెడిట్ స్కోరు చూడరు, మూడేళ్లు కడితే బండి మనదే. ఎల్లుండి సంతకం. కాగితాలు ఒక్కసారి చూస్తారా?"

అప్పుడు నా టేబుల్ నిండా టాక్స్ రిటర్నులు. "ఏప్రిల్ 15 దాటాక తీరిగ్గా చూద్దాం, అప్పటిదాకా ఆగు తమ్ముడూ" అన్నాను. అతను ఆగలేదు. సంతకం పెట్టొద్దని ఆ రాత్రే గట్టిగా చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. ఈ కేసు రాయడానికి అదీ ఒక కారణం.

నేను డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాను. సొంత ట్రక్కు నడుపుకునే ఓనర్ ఆపరేటర్లకి పద్దులు రాయడం, మూడు నెలలకోసారి ఐఎఫ్‌టీఏ ఫ్యూయల్ టాక్స్ ఫైల్ చేయడం, ఏడాది చివర రిటర్నులు వేయడం నా పని. నా క్లయింట్లలో పంజాబీలు, మెక్సికన్లు ఎక్కువ. తెలుగువాళ్లు తక్కువ. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఈ పని చేయడానికి వీల్లేదు. అన్నదమ్ములో అక్కచెల్లెళ్లో పిటిషన్ వేస్తే గ్రీన్ కార్డు మీద వచ్చినవాళ్లే ఈ లైన్‌లోకి వస్తున్నారు. ఇతనూ అలాగే వచ్చాడు. పేరు, కంపెనీ పేరు రాయడం లేదు. అంకెలు మాత్రం ఆ దంపతుల అనుమతితో రాస్తున్నాను.

కోదాడ దగ్గర పల్లె అతనిది. వాళ్ల నాన్న మేళ్లచెరువు సిమెంట్ ఫ్యాక్టరీల నుంచి లోడ్లు కొట్టిన లారీ డ్రైవర్. చివరికి ఫైనాన్స్ మీద సొంత లారీ కొన్నాడు. నెలనెలా కిస్తీ కట్టి, ఆఖరి కిస్తీ తీరిన రోజున ఇంటి ముందు లారీకి కొబ్బరికాయ కొట్టాడు. ఆ రోజు అతనికి పదకొండేళ్లు. ఇక్కడ రిక్రూటర్ "వారం వారం కట్టు, మూడేళ్లకి బండి నీది" అన్నప్పుడు అతని కళ్ల ముందు మెదిలింది ఆ కొబ్బరికాయే.

మన దగ్గర లారీ ఫైనాన్స్‌కీ ఇక్కడి లీజ్ పర్చేజ్‌కీ ఉన్న తేడా తెలియక చాలామంది మునుగుతున్నారు. మన ఊళ్లో ఫైనాన్స్ మీద లారీ కొంటే మొదటి రోజు నుంచే ఆర్‌సీ మన పేరు మీద ఉంటుంది. ఫైనాన్స్ కంపెనీ పేరు హైపోథికేషన్ కింద రాస్తారు. కిస్తీ తప్పితే బండి లాక్కెళ్తారు, నిజమే. కానీ కిరాయి ఎవరిది కొట్టాలో, ఎంతకి కొట్టాలో, బండి ఎప్పుడు అమ్మాలో మన చేతిలో ఉంటుంది. అమ్మితే అప్పు పోను మిగిలింది మనదే. లీజ్ పర్చేజ్‌లో టైటిల్ (బండి యాజమాన్య పత్రం) చివరి డాలరు కట్టేదాకా కంపెనీ పేరు మీదే ఉంటుంది. మధ్యలో వదిలేస్తే అప్పటిదాకా కట్టిందంతా అద్దె. పైగా బండి లీజుకిచ్చిందీ, లోడ్లు ఇచ్చేదీ ఒకే కంపెనీ. కిస్తీ తీసుకునే చెయ్యే మనకి ఎన్ని మైళ్లు దొరకాలో కూడా నిర్ణయిస్తుంది.

సంతకం నాటికి అతని అనుభవం చెప్పాలి. మూడేళ్లు గ్యాస్ స్టేషన్లో నైట్ డ్యూటీలు చేశాడు. 2022 ఫిబ్రవరి 7 నుంచి కొత్తగా క్లాస్ ఏ లైసెన్స్ తీసుకునేవాళ్లు ప్రభుత్వ రిజిస్ట్రీలో ఉన్న స్కూల్లోనే ట్రైనింగ్ పూర్తి చేయాలి కాబట్టి, ఆ ఏడాది చివర్లో స్కూలుకి డబ్బు కట్టి నేర్చుకుని సీడీఎల్ (కమర్షియల్ డ్రైవింగ్ లైసెన్స్) తెచ్చుకున్నాడు. తర్వాత కంపెనీ ట్రైనర్ పక్కన కూర్చుని ఆరు వారాలు తిరిగాడు. ఒంటరిగా ఒక్క లోడు కూడా కొట్టలేదు. ట్రైనింగ్ అయిపోయాక అతనికి రెండు దారులు చూపించారు: మైలుకి 52 సెంట్ల మీద కంపెనీ డ్రైవర్‌గా చేరడం, లేకపోతే లీజ్ తీసుకుని "సొంత వ్యాపారం" మొదలుపెట్టడం. రెండో దారి గురించి చెప్పిన మనిషి మంచివాడని, కాఫీ కూడా ఇప్పించాడని అతను ఇప్పటికీ అంటాడు.

కాగితం మీద ఉన్నది ఇదీ. 2021 మోడల్ ఫ్రైట్‌లైనర్ కాస్కేడియా, అప్పటికే 4 లక్షల 10 వేల మైళ్లు తిరిగింది. వారానికి 825 డాలర్ల చొప్పున 156 వారాలు. చివర్లో ఒకేసారి 12,500. మొత్తం కూడితే 1,41,200 డాలర్లు. అప్పట్లో అలాంటి బండిని డాలస్‌లో పాత ట్రక్కులు అమ్మే చోట 80 వేలకి అటూ ఇటూగా అడుగుతున్నారు. ఒప్పందంలో 1,41,200 అనే అంకె ఎక్కడా లేదు. గుణకారం మనమే చేసుకోవాలి. వడ్డీ శాతం కూడా లేదు, ఎందుకంటే కాగితం ప్రకారం అది అప్పు కాదు, అద్దె.

నవంబరులో థాంక్స్ గివింగ్‌కి ముందు శనివారం అతని భార్య మా ఇంటికి వచ్చింది. చేతిలో పుల్లారెడ్డి స్వీట్స్ డబ్బా. స్వీట్లు తెచ్చిందనుకున్నాను. మూత తీస్తే లోపల 36 వారాల సెటిల్‌మెంట్ షీట్లు (కంపెనీ వారం వారం ఇచ్చే లెక్క కాగితాలు), నాలుగు మడతలు పెట్టి, తేదీల వరసలో. "అక్కా, ఇంటి అద్దె నా జీతంలోంచే కడుతున్నాం. ఆయన రోజూ నడుపుతూనే ఉన్నాడు. ఆ డబ్బు ఎక్కడికి పోతోందో చూసి చెప్పండి" అంది. ఆమె ఒక డే కేర్‌లో పనిచేస్తోంది.

ఆ డబ్బాలోంచి తీసిన ఒక మంచి వారం షీటు ఇక్కడ పెడుతున్నాను. 2,400 మైళ్లు దొరికిన వారం అది.

మైలుకి 1.02, ఫ్యూయల్ సర్‌చార్జ్ 0.42 కలిపి ఆదాయం: 3,456
ట్రక్కు లీజు: 825
డీజిల్: 1,448
మెయింటెనెన్స్ రిజర్వు (రిపేర్లకని కోసి పక్కన పెట్టేది), మైలుకి 12 సెంట్లు: 288
ఇన్సూరెన్సులు: 145
ప్లేట్లు, పర్మిట్లు, లాగ్ మెషీన్ అద్దె: 62
సెక్యూరిటీ ఎస్క్రో (కంపెనీ దగ్గర ఉంచే డిపాజిట్): 50
టోల్, డెఫ్ (పొగ శుభ్రం కావడానికి పోసే ద్రవం), వాష్: 60
చేతికి వచ్చింది: 578

పైన 3,456 చూసి ఫోన్లో ఇంటికి చెప్పేవాడు. ఊళ్లో నాన్నకి కూడా ఆ అంకే చెప్పాడు. కింద ఉన్న 578 గురించి ఎవరికీ చెప్పలేదు.

డీజిల్ లెక్క దగ్గర ఒక మాట. కంపెనీ డబ్బు ఇచ్చింది 2,400 మైళ్లకి. ట్రక్కు తిరిగింది 2,520. కంపెనీలు చాలావరకు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి లెక్కగట్టిన దగ్గరి దూరానికే డబ్బిస్తాయి. రోడ్డు మీద అసలు తిరిగేది దాదాపు ఎప్పుడూ ఎక్కువే. ఆ నూట ఇరవై మైళ్ల డీజిల్ డ్రైవర్ నెత్తిన పడింది. గ్యాలన్‌కి 6.7 మైళ్లు, డిస్కౌంట్ పోను గ్యాలన్ 3.85. షీటు మీద ఇది ఎక్కడా విడిగా కనపడదు.

ఆ రాత్రి షీట్లన్నీ ఎక్సెల్‌లో ఎక్కించాను. మైలు తిరిగితే డీజిల్, రిజర్వు పోను మిగిలేది దాదాపు 72 సెంట్లు. తిరిగినా తిరగకపోయినా వారానికి ఖాయంగా పోయేది 1,142. అంటే 1,594 మైళ్ల దగ్గర అతని సంపాదన సున్నా. సోమవారం ఉదయం ఇంజన్ స్టార్ట్ చేసి డాలస్ నుంచి బయల్దేరితే, బుధవారం సాయంత్రం దాకా కంపెనీ కోసమే నడుపుతున్నట్టు. తనకంటూ సంపాదించడం గురువారం మొదలవుతుంది. 1,500 మైళ్లే దొరికిన వారాలు రెండున్నాయి. ఆ వారాల్లో అతనే కంపెనీకి 67 డాలర్లు బాకీ పడ్డాడు.

ఇంకో లెక్క వేశాను, దాన్ని మూడుసార్లు సరిచూసుకున్నాను. అదే కంపెనీలో 52 సెంట్లకి కంపెనీ డ్రైవర్‌గా చేరి ఉంటే 2,400 మైళ్ల వారానికి జీతం 1,248. డీజిల్ ఖర్చు లేదు, రిపేర్ లేదు. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్‌లో సగం యజమాని కడతాడు. లీజు డ్రైవర్‌కి వచ్చేది 1099 (కాంట్రాక్టర్లకి ఇచ్చే ఆదాయ ఫారం) కాబట్టి ఆ 15.3 శాతం మొత్తం తనే కట్టుకోవాలి. మరి లీజు మీద కంపెనీ డ్రైవర్‌తో సమానంగా సంపాదించాలంటే వారానికి ఎన్ని మైళ్లు నడపాలి? 5,800. ఎనిమిది రోజుల్లో 70 గంటలకి మించి డ్యూటీ చేయకూడదని ఫెడరల్ రూలు. ఆ 70 గంటలూ లోడింగుకీ డీజిల్‌కీ ఎక్కడా ఆగకుండా 60 స్పీడులో నడిపినా 4,200 దాటదు. కష్టపడితే అందుకునే అంకె కాదది. ఇతను బద్ధకస్తుడై ఓడిపోలేదు, ఆ అంకెలతో ఎవరికీ కుదరదు.

ఇక్కడ ఎదుటివాదన కూడా చెప్పాలి. "ఆ 825లో బండి ధర ఉంది కదా, అది ఆస్తి కదా" అంటారు. నిజమే, బండి చివరికి చేతికి వస్తే. కిస్తీ తీరిపోయిన బండి ఉంటే ఇదే రేటు మీద 1,600 మైళ్లు దాటిన ప్రతి మైలుకీ అతను కంపెనీ డ్రైవర్ కంటే మెరుగు. అందుకే ఈ పథకంలో విలువంతా 157వ వారం తర్వాతే ఉంది. 156 వారాలు, తెలియని పనిలో, ఒక్క పెద్ద రిపేరు కూడా తట్టుకోలేని చేతితో నెగ్గుకు రాగలడా అన్నది ప్రశ్న.

ఇతను పెద్ద రిపేరు లేకుండా ఇరవయ్యో వారం దాకా వచ్చాడు.

ఆగస్టు మొదట్లో అమరిల్లో దగ్గర, ఐ-40 మీద డాష్‌బోర్డులో డీపీఎఫ్ లైటు వెలిగింది. పొగలోని మసిని పట్టే ఫిల్టర్ అది. మసి నిండితే ట్రక్కు ఆపి, ఇంజన్ వేగం పెంచి, ఆ వేడితో మసిని కాల్చేయాలి. పార్క్డ్ రీజెన్ అంటారు. ట్రైనర్ దగ్గర అతను దాన్ని ఒక్కసారి చూశాడు. లైటు వస్తోంది పోతోంది. రెండు రోజులు అలాగే నడిపాడు, ఎందుకంటే ఆగితే గంట పోతుంది, లోడు లేటైతే తర్వాతి లోడు పోతుంది. మూడో రోజు ఇంజన్ పవర్ తగ్గించేసింది, గంటకి అయిదు మైళ్లు. హజార్డ్ లైట్లు వేసుకుని ఎగ్జిట్ దాకా పాకినట్టు వచ్చాడట. నూటరెండు డిగ్రీల ఎండలో ట్రక్కు పక్కన నీడలో కూర్చుని నాకు ఫోన్ చేశాడు. "అక్కా, వీళ్లు ఆరువేల ఎనిమిదివందలు అంటున్నారు. నా రిజర్వులో అయిదువేలే ఉన్నాయి." అప్పుడు కూడా అతని గొంతులో భయం కన్నా సిగ్గే ఎక్కువ వినిపించింది.

బిల్లు 6,840. రిజర్వులో ఉన్న 5,112 మొత్తం ఊడ్చుకుపోయింది. మిగతా 1,728 కంపెనీ అడ్వాన్సుగా రాసుకుంది. రెండు వారాలు ట్రక్కు షాపులోనే ఉంది, భాగం రావడం ఆలస్యమైంది. ఆ రెండు వారాలూ లీజు, ఇన్సూరెన్సు, పర్మిట్లు, ఎస్క్రో మాత్రం ఆగలేదు: 2,164. రోడ్డెక్కే సరికి బాకీ 3,892. వారానికి 350 చొప్పున కోసుకున్నారు. 2,300 మైళ్లు నడిపిన వారం చేతికి వచ్చింది 156 డాలర్లు. ఆ వారం అతను అయిదు రాత్రులు ట్రక్కులో పడుకున్నాడు.

ఇదే పని తెలిసిన డ్రైవర్‌కి జరిగితే? లైటు వచ్చిన మొదటి రోజే రీజెన్ చేస్తాడు, సెన్సర్ ఏదైనా పోయి ఉంటే మార్పించుకుంటాడు, కొన్ని వందలతో పోతుంది. ట్రక్కు ఎప్పుడు మూలుగుతోందో, ఎప్పుడు నిజంగా చెడుతోందో తెలియడానికి ఏడాది రెండేళ్లు పడుతుంది. కంపెనీ డ్రైవర్‌గా ఉంటే ఆ చదువు ఖర్చు కంపెనీది. కొత్తవాడికి లీజ్ వద్దని నేను చెప్పడానికి పెద్ద కారణం ఇదే. వడ్డీ కన్నా, రేటు కన్నా ఇదే పెద్దది.

36 వారాల లెక్క ముగిస్తే ఇలా తేలింది. నడిపింది 72,420 మైళ్లు. లీజు కింద కట్టింది 29,700. ఇంటికి తెచ్చింది 9,176, అంటే వారానికి 255. అవే మైళ్లకి కంపెనీ డ్రైవర్ జీతం 37,658 అయ్యేది. తేడా 28,482. కట్టిన లీజుకీ ఈ తేడాకీ మధ్య పన్నెండొందలే. ట్రక్కు తన సంపాదనలోంచి తన కిస్తీ తాను కట్టుకోలేదు, అతను తన జీతం పెట్టి కట్టాడు. ఆ వరస చూపించినప్పుడు అతని భార్య ఏమీ మాట్లాడలేదు. షీట్లు మళ్లీ మడిచి డబ్బాలో పెట్టింది.

పన్ను మాత్రం పెద్దగా పడలేదు. ఇంటికి దూరంగా గడిపిన రోజులకి భోజనాల కింద అప్పట్లో రోజుకి 69 డాలర్లలో 80 శాతం ఆదాయంలోంచి తగ్గించుకునే వీలుండేది (2024 అక్టోబరు నుంచి అది 80 డాలర్లయింది). పన్ను తక్కువని సంతోషించే పరిస్థితి కాదు, ఆదాయమే లేదు. ఇంకో విషయం, రిజర్వులోనూ ఎస్క్రోలోనూ ఉన్న డబ్బు ఖర్చయ్యేదాకా ఖర్చు కింద చూపకూడదు. చేతికి రాని డబ్బు మీద పన్ను పడుతుందని కొత్త డ్రైవర్లకి ఎవరూ చెప్పరు.

ఇక ముందు ఏం చేయాలన్నది. ఉండాలంటే ఇంకా 120 వారాలు, 99,000, చివర్లో 12,500. అంటే 1,11,500 కట్టాలి. 2023లో లోడ్ల రేట్లు పడిపోయి పాత ట్రక్కుల ధరలు కూడా దిగాయి. అప్పటికి అలాంటి బండి 62 వేలకి దొరుకుతోంది. "ఇప్పటికే ముప్పైవేలు కట్టాను కదక్కా, వదిలేస్తే అదంతా పోతుంది కదా" అన్నాడు. ఆ ముప్పైవేలు పోయాయి తమ్ముడూ, ఇప్పుడు అడగాల్సింది 62 వేల బండికి లక్షా పదకొండువేలు పెడతావా అని మాత్రమే, అన్నాను. రెండు రోజులు టైమ్ తీసుకున్నాడు. నాన్నతో మాట్లాడాడు. ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న: "కాగితాలు నీ పేరు మీద ఉన్నాయా లేవా?"

వదిలేయడానికి కూడా పద్ధతి ఉంది. కోపంతో ట్రక్కుని ఎక్కడో ట్రక్ స్టాప్‌లో వదిలి ఇంటికి వచ్చేస్తే ట్రక్కు వదిలి పారిపోయాడని డ్రైవర్ రికార్డులో పడుతుంది. తర్వాత ఏ కంపెనీ తీసుకోదు. ఒప్పందంలో ఉన్న నోటీసు లిఖితపూర్వకంగా ఇప్పించాను. చేతిలో ఉన్న లోడు దించాక, కంపెనీ యార్డులోనే అప్పగించాడు. టైర్ల లోతు, సీట్లు, పరుపు, ఓడోమీటర్, అన్నీ వీడియో తీశాడు. తాళాలు ఇచ్చినట్టు సంతకం తీసుకున్నాడు.

తర్వాత ఒక ఉత్తరం రాశాం. ట్రక్కులు లీజుకి తీసుకుని నడిపే కంపెనీలకి ఫెడరల్ నిబంధనలున్నాయి, 49 సీఎఫ్ఆర్ 376వ భాగం, ట్రూత్ ఇన్ లీజింగ్ అంటారు. దాని ప్రకారం ఏమేం కోస్తారో ముందే ఒప్పందంలో రాయాలి. లోడు దించిన కాగితాలు అందిన 15 రోజుల్లో డబ్బివ్వాలి. ఒప్పందం చేసుకోవాలంటే మా దగ్గరే ఫలానా సరుకు, సర్వీసు కొనాలని షరతు పెట్టకూడదు. ఎస్క్రో మీద కనీసం 13 వారాల ట్రెజరీ బిల్లుల సగటు రాబడికి తగ్గకుండా వడ్డీ ఇవ్వాలి. ఒప్పందం ముగిసిన 45 రోజుల్లోపు ఎస్క్రో లెక్క తేల్చి మిగిలింది తిరిగివ్వాలి. ఈ సంగతులు తెలిసిన డ్రైవర్ నాకు ఇంతవరకు ఒక్కడే తగిలాడు.

జనవరిలో చెక్కు వచ్చింది. సెక్యూరిటీ ఎస్క్రో 1,800లో శుభ్రం చేయడానికి, టోల్ బాకీలకి అని 640 తీసుకున్నారు. మేము అడిగాక వడ్డీ కింద 31 కలిపారు. మొత్తం 1,191. రిజర్వులో మళ్లీ పోగైన 3,578 మాత్రం ఇవ్వలేదు. అది ఎస్క్రో కాదు, మెయింటెనెన్స్ ఫీజు అని ఒప్పందంలో వేరే పేరుతో రాసి ఉంది. లాయర్‌తో మాట్లాడాం. పోరాడే దారి ఉందన్నాడు. కోర్టుకి కాదు, ఆర్బిట్రేషన్‌కే (కోర్టు బయట మధ్యవర్తి దగ్గరికే) రావాలని ఇలాంటి ఒప్పందాల్లో రాస్తారు. కానీ న్యూ ప్రైమ్ వర్సెస్ ఒలివేరా కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు 8-0తో తీర్పిచ్చింది: కాగితం మీద స్వతంత్ర కాంట్రాక్టర్ అని రాసినా సరే, రాష్ట్రాల మధ్య సరుకు మోసే డ్రైవర్‌ని ఫెడరల్ ఆర్బిట్రేషన్ చట్టం కింద బలవంతపెట్టలేరు. ఆ ఒలివేరా కూడా లీజు మీద ట్రక్కు తీసుకున్న కొత్త డ్రైవరే. మా కుర్రాడికి మాత్రం ఓపిక లేదు. "వదిలేద్దామక్కా, పని వెతుక్కుంటా" అన్నాడు. నాకు ఆ మూడున్నరవేలు వదలబుద్ధి కాలేదు. కానీ నిర్ణయం అతనిది.

ఫిబ్రవరిలో ఓక్లహోమా సిటీ బయట ఒక ట్రక్ స్టాప్‌లో అదే ట్రక్కు చూశాడు. తలుపు మీద అదే యూనిట్ నంబరు. కొత్త డ్రైవర్, ఇరవై రెండేళ్లుంటాయట. అతనితో మాట్లాడదామని వెళ్లి, ఏం చెప్పాలో తోచక వెనక్కి వచ్చాడు. నాకు ఈ కేసులో అన్నిటికన్నా కలుక్కుమనిపించింది ఇదే. 29,700 తీసుకుని, బండి వెనక్కి తీసుకుని, దాన్ని మళ్లీ ఇంకొకరికి మొదటి వారం నుంచి లీజుకిచ్చారు. డ్రైవర్ నెగ్గకపోయినా కంపెనీకి నష్టం రాని వ్యాపారంలో, డ్రైవర్ నెగ్గాలని కంపెనీకి ఎందుకుంటుంది?

ఇది నా ఒక్కదాని అభిప్రాయం కాదు. 2021 నవంబరు నాటి ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ చట్టం కింద ట్రక్ లీజింగ్ టాస్క్ ఫోర్స్ అని ఒక కమిటీ వేశారు. డ్రైవర్లు, లాయర్లు, పరిశ్రమ మనుషులు కలిసి ఈ ఒప్పందాలే పరిశీలించారు. 2025 జనవరిలో ఇచ్చిన నివేదికలో, సరిచేయమని కాదు, ఈ లీజ్ పర్చేజ్ పద్ధతిని నిషేధించమనే కాంగ్రెస్‌కి సిఫార్సు చేశారు.

అయినా ఎవరూ నెగ్గలేదా అంటే, నెగ్గారు. నా క్లయింట్లలో ఇద్దరు లీజు పూర్తి చేసి టైటిల్ తీసుకున్నారు. ఒకాయన అమృత్‌సర్ మనిషి. లీజు తీసుకునే నాటికి ఆరేళ్లు కంపెనీ డ్రైవర్‌గా చేశాడు. బ్రేకులు, బెల్టులు, సెన్సర్లు తనే మార్చుకుంటాడు. మైలు రేటు కాకుండా లోడు బిల్లులో శాతం మీద ఒప్పందం చేసుకున్నాడు, బిల్లు కాపీ తీసుకుని చూసేవాడు (శాతం మీద ఇస్తే బిల్లు చూపించాల్సిందేనని ఆ 376లోనే ఉంది). బ్యాంకులో 15 వేలు విడిగా పెట్టుకున్నాకే సంతకం పెట్టాడు. అన్నిటికీ మించి 2020 వేసవిలో మొదలుపెట్టాడు, ఆ తర్వాత రెండేళ్లు రేట్లు ఎప్పుడూ లేనంత పెరిగాయి. ఆయనే ఒకసారి నాతో అన్నాడు, ఇదే 2022లో మొదలుపెట్టి ఉంటే నేనూ మునిగేవాణ్ణని. ఆయనకి ఉన్న అనుభవం, డబ్బు ఉన్న మనిషికి బ్యాంకు లోనే దొరుకుతుంది. లీజు అవసరం ఉండదు. లీజు అవసరమయ్యేంత కొత్తవాడికి అది పనికిరాదు. ఈ చిక్కు విడదీయడం నా వల్ల కాలేదు.

బ్యాంకు లోన్ అంటే అంతా సుఖమని కూడా అనను. అదే 80 వేల బండికి 16 వేలు డౌన్ పేమెంట్ కట్టి, మిగతా 64 వేలు 12 శాతం వడ్డీకి నాలుగేళ్లకి తీసుకుంటే నెలకి 1,685 అవుతుంది, వారానికి 389. మొత్తం మీద దాదాపు 97 వేలు, లీజు కన్నా 44 వేలు తక్కువ. కానీ మైలుకి 1.44 దగ్గరే ఉంటే, అప్పు తీరేదాకా ఆ లోన్‌తో కూడా కంపెనీ డ్రైవర్‌ని దాటడం కష్టమే. తేడా ఎక్కడంటే, టైటిల్ తన పేరు మీద ఉన్నవాడు రేటు నచ్చకపోతే ఇంకో కంపెనీకి ట్రక్కు తోలుకుపోగలడు. మరీ కుదరకపోతే బండి అమ్మేయగలడు.

అందుకే ఇప్పుడు నా దగ్గరికి లీజ్ కాగితంతో వచ్చిన కొత్త కుర్రాళ్లని ముందు ఒక్కటే అడుగుతున్నాను: ఇదే కంపెనీలో లీజు మీద నడుపుతున్న ముగ్గురి సెటిల్‌మెంట్ షీట్లు, ఒక్కొక్కరివి వరసగా మూడు నెలలవి తెచ్చి చూపించు, అప్పుడు మాట్లాడుకుందాం అని. ఒక మంచి వారం షీటు రిక్రూటర్ దగ్గర ఎప్పుడూ ఉంటుంది. పన్నెండు వారాలవి వరసగా ఎవరూ చూపించరు. ఫోన్ ఏ నెలలో వచ్చినా, మార్చి అయినా సరే, ఆ రాత్రే కాగితం చదువుతున్నాను.

అతను 2023 డిసెంబరులో వేరే కంపెనీలో చేరాడు, మైలుకి 56 సెంట్లు. డాలస్ నుంచి లరేడోకి, శాన్ ఆంటోనియోకి ఒకే కస్టమర్ లోడ్లు. వారానికి ఒకటిన్నర రోజు ఇంట్లో ఉంటాడు. 2,300 మైళ్లకి 1,288 వస్తుంది, ట్రక్కు పాడైన వారం కూడా వేరే ట్రక్కు ఇస్తారు. ఇంటి అద్దె ఇప్పుడు అతని జీతంలోంచే పోతోంది. భార్య జీతంలో కొంత ఒక విడి ఖాతాలో వేస్తున్నారు, ఆ ఖాతా పేరు "లారీ" అని పెట్టుకున్నారు. అందులో ఇప్పుడు 19 వేల చిల్లర ఉంది.

మొన్న ఫోర్ట్ వర్త్‌లో ఒక పాత ట్రక్కు చూడడానికి వెళ్తూ నన్ను రమ్మన్నాడు. టైటిల్ కాపీ ముందు తీసుకున్నాడు, దాని మీద ఎవరి అప్పూ లేదు. ఇంజన్ కంప్యూటర్ రిపోర్టు తీయించాడు, అందులో ఐడిల్ గంటలు (బండి కదలకుండా ఇంజన్ తిరిగిన గంటలు) చాలా ఎక్కువ. ఇంజన్ ఆయిల్ శాంపిల్ ల్యాబుకి పంపాడు. నాలుగు రోజులకి రిపోర్టు వచ్చింది: ఆయిల్‌లో సోడియం, పొటాషియం ఎక్కువ, అంటే కూలెంట్ ఎక్కడో ఆయిల్‌లోకి చేరుతోంది. రిపోర్టు ఫొటో నాకు పంపి కింద రాశాడు: "వద్దక్కా ఇది. ఇంకోటి చూద్దాం."